ఒకే సంస్థ – ఒకే కందెన

మా ఇంటి హాల్లో, సోఫాకి ఎదురుగా ఉన్న గోడ మీద ఒక నలుచదరపు మచ్చ ఉంది. మిగతా గోడంతా ఏళ్ళ తరబడి అగరొత్తుల పొగ పట్టి కాస్త పసుపు తిరిగింది. ఆ మచ్చ మేర మాత్రం రంగు వేసిన రోజు ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు "అక్కడేముండేదండీ?" అని అడుగుతారు. "నా ప్రతిభ" అంటాను నేను. "పటం" అంటుంది వంటింట్లోంచి మా ఆవిడ వింధ్యావళి. ఆ పటం ఎలా ఎక్కిందో, ఎలా దిగిందో చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటే. అయినా మా సంస్థలో సిగ్గుకి ప్రత్యేకంగా సెలవు మంజూరు చేయరు కాబట్టి డ్యూటీలో ఉండగానే సిగ్గుపడాలి.

నా పేరు ముక్కామల విశ్వపతి. చవిటి నేలల సద్వినియోగ సంస్థలో, నర్సాపురం ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటుని. ఉప్పు పట్టి గడ్డి కూడా మొలవని నేలల్ని సాగులోకి తేవడం మా పని. నా ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేలలు చవిటిగానే ఉన్నాయి గానీ, వాటి మీద ఫైళ్ళు మాత్రం మూడు పంటలు పండాయి.

ఎనిమిదేళ్ళ కిందట తనిఖీవాళ్ళు వచ్చి మా స్టోరు చూశారు. జీపులకి ఒక డబ్బా, ట్రాక్టరుకి ఒకటి, జనరేటరుకి ఒకటి, నీటి మోటార్లకి ఒకటి, మోటారు సైకిళ్ళకి ఒకటి. "ఒక్క ఆఫీసుకి అయిదు రకాల ఇంజినాయిలు దేనికి?" అని కాగితం మీద రాసి వెళ్ళారు. జవాబు మా డ్రైవరు తిరుమాని ఏడుకొండలుకి తెలుసు. "ఇంజినీకి తగ్గ ఆయిలండీ. మనిషికి తగ్గ చొక్కా లాగ" అన్నాడు. కానీ తనిఖీ ప్రశ్నకి డ్రైవరు జవాబు చెప్పే పద్ధతి ఎక్కడా లేదు. సూపరింటెండెంటు చెప్పాలి. ఆయనకి తెలియకపోతే కనిపెట్టాలి.

నేను మధ్యాహ్నం భోజనం దగ్గర కనిపెట్టాను. మా ఇంట్లో పోపుకీ, గారెలకీ, దోసెలకీ ఒకే నూనె. ఇల్లు నడవడం లేదూ? చెయ్యి కడుక్కుని వెళ్ళి ఆఫీసు భాషలో రాశాను. మా భాషలో ఇంజినాయిలుని కందెన అంటాం. "కందెన యొక్క ధర్మము జారుడు. జారుడునకు జాతిభేదము లేదు. కావున సంస్థలోని సమస్త యంత్రములకు ఒకే కందెన వాడుట వలన ఏకరూపత సిద్ధించును" అని రాసి, కింద "ఒకే సంస్థ – ఒకే కందెన" అని ఒక నినాదం కూడా తగిలించాను. ఆ నినాదమే కొంప ముంచింది. నినాదం లేకపోతే ఆ ఫైలు ఎక్కడో అక్కడ చచ్చిపోయేది.

ప్రధాన కార్యాలయం మురిసిపోయింది. పంద్రాగస్టు నాడు నాకు శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. "దూరదృష్టి గల ఉద్యోగి" అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. నాకు అప్పటికే కళ్ళజోడు ఉంది, అది వేరే సంగతి. టేకు చట్రం కట్టించి హాల్లో పెట్టాను. మరో పక్క సంస్థ మొత్తానికీ ఒకే రకం ఆయిలు డ్రమ్ములకి డ్రమ్ములు దింపారు. మా వాటా ఇరవై రెండు.

నిజం చెప్పాలంటే ఆరేళ్ళ పాటు ఏ గొడవా రాలేదు. పాత జీపులు ఏది పోసినా తాగాయి. "ముసలి ఎడ్లండీ, ఏ గడ్డేసినా తింటాయి" అనేవాడు ఏడుకొండలు. నేను మాత్రం అది నా దూరదృష్టి అనుకున్నాను.

తర్వాత జీపులకి పదిహేనేళ్ళు నిండాయి. వాటిని తుక్కుకి పంపి, మిగతా ప్రాంతాలతో పాటు మాకూ, మా మేడం ప్రాంతీయ మేనేజరు దినమణి గారి కోసం, కొత్త డీజిలు కారు పంపారు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఒక రౌండు తిప్పుకొచ్చిన ఏడుకొండలు నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో కారుతో పాటు వచ్చిన పుస్తకం ఉంది. ఒక పేజీ మడత పెట్టి ఉంది.

"సూపర్నెంటు గారూ, ఒక్క మనవండి. ఈ బండికి మన డ్రమ్ములో ఆయిలు పడదంటండి. పల్చటిది, బూడిద తక్కువొచ్చే రకం పోయాలని బుక్కులో ఏసేరు. మా అల్లుడి చేత చదివించేనండి."

"బూడిద ఏమిటయ్యా?"

"పొగ గొట్టంలో జల్లెడ లాంటిది పెట్టేరండి. పొగలో మసంతా అందులో ఆగుద్ది. బండి కొంచెం దూరం జోరుగా తోలితే ఆ మసి అక్కడే కాలిపోద్దండి. మన ఆయిలుతో వచ్చేది మసి కాదండి, బూడిద. మసైతే కాలుద్ది. బూడిదనింకేం కాలుస్తామండి?"

నాకు అర్థమైంది. ఇది ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత జరిగినదంతా అర్థం కాక చేశానని ఎవరైనా జాలి పడితే నేను ఒప్పుకోను. చక్కగా అర్థమైంది. కానీ ఏడుకొండలు వెనక, ఆఫీసు గోడ మీద, నా నినాదం బోర్డు వేలాడుతోంది. దాన్ని కాదని వేరే ఆయిలు కొనమని రాస్తే, నా పటం మీద నేనే ఉమ్మేసుకున్నట్టు. అందుకని ఎటూ కాకుండా రాసి పైకి పెట్టాను: "వాహన తయారీదారులు తమ పుస్తకములో భిన్నాభిప్రాయము వ్యక్తపరచియున్నారు. తగు ఉత్తర్వులకై."

దినమణి గారు ఆకుపచ్చ సిరాతో రాశారు: "పుస్తకము తయారీదారుని అభిప్రాయము. ఉత్తర్వు సంస్థ యొక్క నిర్ణయము. వాహనము విధానమును అనుసరించవలెనే గాని విధానము వాహనమును అనుసరించరాదు. మరియు పాత నిల్వ పూర్తిగా వినియోగమగు వరకు కొత్త కొనుగోలు నిషిద్ధము."

స్టోరులో ఇంకా, డ్రమ్ముకి రెండు వందల పది లీటర్ల చొప్పున, పందొమ్మిది డ్రమ్ములున్నాయి. కారు ఏడాదికి రెండుసార్లు, సారికి ఆరు లీటర్ల చొప్పున తాగుతుంది. నేను లెక్క కట్టి చూశాను. కారొక్కటే తాగితే పాత నిల్వ పూర్తవడానికి మూడు వందల ముప్ఫై రెండేళ్ళు పడుతుంది. ఆ లెక్క ఫైల్లో పెట్టలేదు. దినమణి గారు అప్పటికి రిటైరై ఉంటారు కదా, ఎందుకులే అనుకున్నాను.

ఇక్కడ మరొక చిన్న సంగతి ఉంది. చిన్నదని అప్పట్లో అనుకున్నాను. ఆఫీసు కారు నున్నగా ఉండటం చూసి మనసు పారేసుకుని, ఆ నెలలోనే అదే రకం కారు నేనూ కొనుక్కున్నాను. మొదటి సర్వీసుకి ఆదివారం పూట ఏడుకొండల్ని తోడు తీసుకెళ్ళాను. సర్వీసు సెంటరతను ఏ ఆయిలు పొయ్యమంటారని అడిగితే, పుస్తకంలో ఉన్నదే పొయ్యమన్నాను. ఏడుకొండలు నా వైపు చూశాడు.

"ఇంటిది కదయ్యా" అన్నాను.

"అవునండి, ఇంటిది" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే. ఏదైనా అంటే తిరిగి అనొచ్చు. ఏమీ అనకపోతే మనమేం చేస్తాం?

ఏడాది గడిచినా డ్రమ్ములు తరగలేదు. "కందెన వినియోగ వారోత్సవాలు" జరపమని ప్రధాన కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. ప్రతి కార్యాలయం ఎంత ఆయిలు వాడిందో రోజూ సాయంత్రం నాలుగింటికి నివేదిక పంపాలి. మేము తలుపు బందులకి పోశాం. ఫ్యాన్లకి పోశాం. మా టైపిస్టు కుర్చీకి పోస్తే ఆవిడ కూర్చున్నచోట ఆగకుండా బల్ల దాటి వెళ్ళిపోయింది. అయినా మూడు లీటర్లు కాలేదు. అప్పుడు నాకు మళ్ళీ దూరదృష్టి కలిగింది. సంస్థ వార్షికోత్సవంలో జ్యోతి ప్రజ్వలన ఉంది కదా, ఆ కుందిలో పోస్తే?

పోశాం. అయిదు ఒత్తులు వేశాం. ముఖ్య అతిథి కొవ్వొత్తి పట్టుకుని వంగారు. ఒత్తి వెలగదే! నాలుగుసార్లు అంటించాక, వెలగడానికి బదులు పొగ చిమ్మడం మొదలెట్టింది. లారీ వెనకాల నడుస్తున్నట్టు నల్లటి పొగ. ప్రార్థన పాడుతున్న అమ్మాయి దగ్గుతూనే రెండో చరణం పూర్తి చేసింది. ముఖ్య అతిథి తెల్ల పంచె మీద మసి రాలింది. మర్నాడు నేను పంపిన నివేదికలో ఇలా ఉంది: "జ్యోతి ప్రజ్వలనమునకు అర లీటరు. కార్యక్రమము దిగ్విజయము."

ఆ వారంలోనే కారులో పసుపు దీపం వెలిగింది. స్టీరింగు ఎదురుగా, మీటర్ల మధ్య, చిన్న చుక్కల పెట్టెలాంటి గుర్తు. జల్లెడ మూసుకుపోతోందని దాని అర్థమని ఏడుకొండలు చెప్పాడు. దినమణి గారు సమావేశం పెట్టారు.

"ఈ దీపం ఎవరి ఉత్తర్వుల మేరకు వెలుగుతోంది?" అని అడిగారు.

"బండే ఎలిగించుకుందండి" అన్నాడు ఏడుకొండలు.

"బండికి ఆ అధికారం ఎవరిచ్చారు? సంస్థ ఆస్తి సంస్థ విధానం మీద ఫిర్యాదు చేయడం ఏమిటి? సూపరింటెండెంటు గారూ, దీనికి పరిపాలనాపరమైన పరిష్కారం కావాలి."

పరిపాలనాపరమైన పరిష్కారం నేనే చెప్పాను. నినాదం అచ్చు వేయించిన గుండ్రటి స్టిక్కర్లు ఒక కట్ట మిగిలి ఉన్నాయి. ఒకటి తెచ్చి దీపం మీద అతికించాను. సరిగ్గా సరిపోయింది. దినమణి గారు తృప్తిగా తలాడించారు.

దీపం కనబడటం మానేసింది గానీ కారు నెమ్మదించింది. ఎంత తొక్కినా నలభై దాటేది కాదు. సంత నుంచి వచ్చే సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటుతూ పలకరించి వెళ్ళేవారు. దీని మీద ఫిర్యాదు రాయబోయి, కాస్త వాకబు చేస్తే తెలిసింది, తొమ్మిది ప్రాంతాల్లో తొమ్మిది కార్లూ నలభై దగ్గరే ఆగిపోయాయి. అది విని ప్రధాన కార్యాలయం భయపడిందనుకున్నారా? ఏకరూపత సాధించామని సంబరపడింది. తొమ్మిది కార్లు ఒకే వేగంతో నడవడం సంస్థ చరిత్రలో మొదటిసారి. "మితవేగ ప్రయాణ విధానము" రాసే పని నాకే అప్పజెప్పారు. పొద్దున్న పదింటి మీటింగుకి తెల్లవారుజామున బయల్దేరాలని, దారిలో అధికారులు ఫైళ్ళు చదువుకోవచ్చని రాశాను. ఇంట్లో పటం పక్కన ఇంకో పటానికి మేకు కూడా కొట్టించాను.

ఆ మేకు మిగిలిపోయింది. ఎందుకంటే అదే నెల నాలుగో తారీఖున, దినమణి గారు ప్రధాన కార్యాలయంలో "వాహనముల సమర్థ నిర్వహణ" మీద ప్రసంగించడానికి వెళ్తుండగా, చించినాడ వంతెన నడిమధ్యన కారు ఒకసారి దగ్గి ఆగిపోయింది. మరి కదల్లేదు. కింద గోదావరి, ముందూ వెనకా లారీలు. చివరికి ఆవిడ రొయ్యల వ్యాను ఎక్కి వెళ్ళారు. ఆవిడ సమర్థ నిర్వహణ మీద మాట్లాడుతుంటే ముందు వరసవాళ్ళు రుమాళ్ళు తీశారట.

కారుని తాడు కట్టి సర్వీసు సెంటరుకి లాక్కెళ్తే, వాళ్ళు మూత తీసి వాసన చూసి, జల్లెడ బూడిదతో గడ్డకట్టిందని, టర్బో కూడా పోయిందని, పుస్తకంలో లేని ఆయిలు పోశారు కాబట్టి వారంటీ చెల్లదని చెప్పి, మళ్ళీ తాడు కట్టి పంపారు.

ఇక బాధ్యులెవరో తేల్చాలి. విచారణాధికారిగా ప్రధాన కార్యాలయం నుంచి ముకుందరావు గారు వచ్చారు. ఆయన కారు చూడలేదు. కందెన తెప్పించమన్నారు. స్టీలు గ్లాసులో పోసి తెచ్చాం. రెండు వేళ్ళతో పట్టి చూశారు.

"జిడ్డు ఉన్నదా?"

"ఉన్నదండి" అన్నాను.

"జారుచున్నదా?"

"జారుతోందండి."

"రాసుకోండి. కందెన యందు లోపము లేదు. విధానము యందు లోపముండుటకు వీలు లేదు, ఏలననగా దానికి ప్రశంసాపత్రము ఇవ్వబడినది. వాహనము మన ఉద్యోగి కాదు గనుక దానిపై చర్య తీసుకొనజాలము. ఇక మిగిలినదెవరు?"

మిగిలింది ఏడుకొండలు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో బండికి ఒక గీత పడనివ్వని మనిషి. ఆ నెల ముప్ఫై ఒకటిన రిటైరవుతున్నాడు. ఆయన మీద చార్జి మెమో రాయాల్సింది నేనే, ఆ సీటు నాది కాబట్టి. మొదటి అభియోగం: హెచ్చరిక దీపం వెలుగుతున్నా వాహనం నడిపాడు. రెండోది: అనుమతి లేకుండా వంతెన మీద వాహనం ఆపాడు. దీపం మీద స్టిక్కరుంది కదా, ఎలా కనబడుతుందని నేను గొణిగితే ముకుందరావు గారు మూడోది కూడా చేర్చమన్నారు: స్టిక్కరు ఎత్తి చూడలేదు.

మెమో తయారవుతోందని తెలిసి ఏడుకొండలు నా దగ్గరికి వచ్చాడు. నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సూపర్నెంటు గారూ, మెమో ఉన్నోళ్ళని ఆఫీసు బండిలో ఇంటి దగ్గర దింపరంట కదండి?"

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఎవరు రిటైరైనా, చివరి రోజు దండ వేసి, మేనేజరు కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఇంటి గుమ్మం దాకా దింపి వస్తారు. మేనేజరైనా, అటెండరైనా అంతే. ఇన్నేళ్ళూ అలా అందర్నీ దింపి వచ్చింది ఏడుకొండలే.

"పింఛనంటారా, ఈయేళ కాపోతే రేపొస్తాది. దాని గురించి బెంగ లేదండి. ముప్పై రెండేళ్ళండి, ఒక్కసారి కూడా ఎనక సీట్లో కూకోలేదు. మా ఆడది ఈదిలో అందరికీ చెప్పేసిందండి, మా ఆయన ఎనక సీట్లో దొరలాగొస్తాడని. ఇప్పుడు నడిచెల్తే దాని మొకం ఎలాగుంటాదో అని. అంతేనండి."

"చూద్దాంలే ఏడుకొండలూ" అన్నాను. మా సంస్థలో చూద్దాం అంటే ఏమిటో ఆయనకి తెలుసు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు విచారణ. ముకుందరావు గారు ప్రశ్నలు అడుగుతారు, ఏడుకొండలు చెప్తాడు, నేను రాసుకోవాలి. ఏం పోశావు, ఎలా నడిపావు లాంటివన్నీ అయ్యాక ఆయన కళ్ళజోడు సవరించుకుని అసలు ప్రశ్న అడిగారు.

"కందెన సరికాదని నీ వాదన. మంచిది. ఇదే రకము వాహనము, వేరొక కందెనతో, ఏ లోపమూ లేక నడుచుట నీవు కళ్ళారా చూచితివా? చూచిన యెడల ఆ వాహనము ఎవరిది? చెప్పుము. రుజువైన యెడల నీవు నిర్దోషివి."

గదిలో ఫ్యాను చప్పుడు కూడా లేదు, అంత ఆయిలు పోశాం మరి. ఆ రుజువు కిటికీ బయట, వేపచెట్టు కింద, నీలం రంగులో నిలబడి ఉంది. ఆ పొద్దున్న నేను దాన్ని ఎనభైలో నడుపుకుంటూ వచ్చాను. ఏడుకొండలు కిటికీ వైపు చూడలేదు. నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూశాడు.

"చూడలేదండి" అన్నాడు.

నేను "చూడలేదు" అని రాశాను. నా దస్తూరీకి ఆఫీసులో మంచి పేరు. ఆ ఒక్క ముక్క మాత్రం కోడి కెలికినట్టు వచ్చింది.

ఇంటికెళ్ళాక వింధ్యతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ముద్ద దిగకపోతే ఆవిడకి ఎలాగూ తెలిసిపోతుంది.

"ఆ ఆదివారం సర్వీసయ్యాక ఆయన మన కారు కింద దూరి నట్లు బిగించాడు. లేచాక కాఫీ ఇచ్చింది నేనే. ఆయన చూడలేదన్నాడా?" అంది.

"అన్నాడు."

"మీరు రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

వింధ్య లేచింది. కారు తాళాలు తీసుకెళ్ళి, పటం పక్కన ఖాళీగా ఉన్న మేకుకి తగిలించింది.

"ఈ గోడ మీద ఈ రెండిట్లో ఒకటే ఉంటుంది. ఏది తీసేస్తారో మీ ఇష్టం. పటమే ఉంచుకుంటే రేపట్నుంచి ఆఫీసుకి నడిచి వెళ్ళండి. నేను మాత్రం ఆ కారు మళ్ళీ ఎక్కను" అంది.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. నాకు రాత్రంతా రెండే కనబడ్డాయి: పైకప్పు వైపు చూస్తున్న ఏడుకొండలు, ఆఫీసుకి మూడు కిలోమీటర్ల ఎండ. ఏది ఎక్కువ పని చేసిందో ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే వెళ్ళి ముకుందరావు గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. కందెన తప్పు, విధానం తప్పు, ఆ విధానం రాసింది నేను, పుస్తకం సంగతి మొదటి రోజే నాకు తెలుసు, స్టిక్కరు అతికించింది నేను, నా సొంత కారుకి పుస్తకంలో ఉన్న ఆయిలే వాడుతున్నాను, అది పరుగులు తీస్తోంది. సర్వీసు బిల్లు జత చేశాను. జీవితంలో మొదటిసారి ఒక ఫైల్లో ఉన్నదంతా నిజమే రాశాను. అక్షరాలు మళ్ళీ గుండ్రంగా వచ్చాయి.

ముకుందరావు గారు రెండుసార్లు చదివారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయన చేసిన విచారణలన్నిటిలో దోషి తనంతట తాను జతపరచిన బిల్లుతో సహా దొరకడం అదే మొదలట.

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. కందెన మార్చమని అందులో ఉంటుందేమోనని ఆశపడ్డాను. ఇలా ఉంది:

"డ్రైవరు శ్రీ టి. ఏడుకొండలు నిర్దోషి. సూపరింటెండెంటు శ్రీ ఎం. విశ్వపతి తన సొంత వాహనమునందు సంస్థ ఆమోదింపని కందెనను రహస్యముగా వాడి, సంస్థ విధానముపై అవిశ్వాసము వ్యక్తపరచియున్నారు. విధాన రూపకర్తకే విశ్వాసము లేనపుడు వాహనమునకు విశ్వాసము ఎట్లు కలుగును? కావున వాహన వైఫల్యమునకు ఇదియే మూలకారణమని తేలినది. శ్రీ విశ్వపతి మందలింపబడిరి. ప్రశంసాపత్రమును ఏడు దినములలో చట్రముతో సహా వాపసు చేయవలెను. ఏకరూప కందెన విధానము యథాతథముగా కొనసాగును."

అందరికీ శకునాలు చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడటమంటే ఇదే. చట్రం నా సొంత డబ్బుతో కట్టించిందని రాద్దామనుకున్నాను. వింధ్య ఊరుకోమంది.

ముప్ఫై ఒకటో తారీఖు వచ్చింది. దండ ఉంది, శాలువా ఉంది, స్వీటు, హాటు ఉన్నాయి. కారు మాత్రం ఇంకా షెడ్డులోనే కదలకుండా ఉంది. మా కారులో దింపుతానంటే దినమణి గారు ఒప్పుకోలేదు. "పదవీ విరమణ చేసిన వారిని సంస్థ వాహనమునందే గృహమునకు చేర్చవలెను" అని స్థాయీ ఉత్తర్వు ఉందట. పైగా మాది అవిశ్వాసపు కారు.

నేను ఆ ఉత్తర్వు తెప్పించి చదివాను. సంస్థ వాహనంలో చేర్చాలని ఉంది. ఆ వాహనం తనంతట తాను నడవాలని ఎక్కడా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఆఫీసు తెలివితేటలు ఒక్కసారి మనిషికి పనికొచ్చాయి. దినమణి గారు ఉత్తర్వుని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివి, "అభ్యంతరం కనబడటం లేదు" అన్నారు.

మా నీలం కారుకి వెనకాల లావుపాటి తాడు కట్టి, దానికి ఆఫీసు తెల్ల కారుని కట్టాం. ముందు కారు వింధ్య నడుపుతుంది. వెనక కారు స్టీరింగు పట్టుకోవడానికి మనిషి కావాలి. కొత్త డ్రైవరు ఇంకా చేరలేదు. నేను ఎక్కాను. దండతో, కొత్త పంచెతో, ఏడుకొండలు వెనక సీట్లో కూర్చున్నాడు. మొదట అంచు మీద కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి వాలాడు.

రుస్తుంబాదలో ఆయన ఇల్లు. దూరం ఎక్కువేం లేదు, కానీ నేను చెమటతో తడిసిపోయాను. ఇంజిను నడవకపోతే స్టీరింగు రోలు తిప్పినట్టు ఉంటుందని, బ్రేకు రాయిలా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. వెనకాల నుంచి మాట వినిపిస్తూనే ఉంది.

"తాడు సాగనివ్వకండి సార్... అమ్మగారు మలుపు తీసుకుంటున్నారు, మీరు ముందే బ్రేకు మీద కాలెయ్యండి... గట్టిగా తొక్కండి, ఏం కాదు... అద్గదీ."

"మీరు వాలి కూర్చోండి ఏడుకొండలు గారూ, నేను చూసుకుంటాను" అన్నాను. గారూ అని ఎప్పుడు అన్నానో నాకే తెలియలేదు. ఆయన విన్నాడు గానీ విననట్టే ఉన్నాడు.

దారిలో వింధ్య ముప్ఫై దాటలేదు. మితవేగ విధానం రాసిన నాకు ఆ వేగం ఎంత హాయో, ఎంత సిగ్గో అప్పుడు తెలిసింది. చేపల బజారు దగ్గర జనం ఆగి చూశారు. ఎవరో "ఏడుకొండలు మావా!" అని కేకేశారు. ఆయన కిటికీ అద్దం దించుకుని అందరికీ దండాలు పెట్టాడు.

వీధి వీధంతా బయటే ఉంది. ఆయన భార్య మహాలక్షమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. కారు ముందున్న తాడుని ఆవిడ చూడనే లేదు. వెనక సీటునే చూసింది. నేను దిగి, వెనక డోరు తీసి పట్టుకున్నాను. ఎంతోమందికి ఏడుకొండలు అలా తీసి పట్టుకోవడం నేను చూశాను. పట్టుకున్నవాడి చేతికి అది ఎంత బరువో ఇన్నాళ్ళూ తెలియదు. ఆయన దిగాడు. ఆవిడ హారతిచ్చింది, కళ్ళు తుడుచుకుంది.

అంతా అయిపోయిందనుకుని నేను తాడు విప్పబోతుంటే, "ఒక్క నిమిషమండి" అంటూ ఏడుకొండలు వెనక్కి వచ్చాడు. అలవాటు ప్రాణం. బానెట్టు ఎత్తాడు. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాడు. మహాలక్షమ్మ కేకలేస్తున్నా వినకుండా కొత్త శాలువా కొసతో దాన్ని తుడిచి, మళ్ళీ ముంచి తీసి, వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సూపర్నెంటు గారూ, ఏమాటకామాటే చెప్పుకోవాలండి. ఆయిలు మట్టం మాత్రం సరిగ్గా గీత మీదుందండి" అన్నాడు.

నా ఉద్యోగం మొత్తం మీద నాకు దక్కిన నికరమైన ప్రశంస అదొక్కటే. దాన్ని చట్రంతో సహా వాపసు చేయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.